గీత, దానిపై గీత: చిత్రకథలలో పెన్సిలు, సిరా, బ్లాకు – కర్తృత్వ విచారము

తాళపత్ర గ్రంథములను పరిష్కరించువారికి ఒక విషయము సుపరిచితము. గంటముతో ఆకుపై వ్రాసిన అక్షరము వ్రాసిన క్షణమున కంటికి ఆనదు. ఇనుప మొన ఆకు పైపొరను చీల్చుకొని పోవును. చాలు ఏర్పడును గాని రంగు ఉండదు. పిమ్మట దీపపు మసిని నూనెతో గాని ఆకుపసరుతో గాని కలిపి పత్రమంతయు పూసి, గుడ్డతో తుడిచినపుడు, మసి ఆ చాళ్లలో మాత్రము నిలిచి అక్షరము నల్లగా పైకి వచ్చును. అనగా మనము చదువుచున్నది గంటపు గీతను కాదు. ఆ గీతలో నిలిచిన మసిని. మసి పట్టనిచోట పొల్లు మాయమగును. ఆకు ఈనెలో మసి చేరినచోట లేని కొమ్ము వచ్చి చేరును. వ్రాసిన చేయి ఒకటి, కనబడు అక్షరము వేరొకటి అను ఈ ఎరుక లేనివాడు పాఠపరిష్కరణమునకు పూనుకొనరాదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి.

ఇంతటి జాగరూకత గల మనమే చిత్రమునకు వచ్చునప్పటికి దానిని మరచిపోవుచున్నాము. అచ్చుపుటను ముందు పెట్టుకొని ‘ఇది శంకర్ గీత, ఇది బాపు గీత’ అని నిశ్చయముగా పలుకుదుము. ఆ గీతలోని బలమును, సన్నదనమును, వంపును చిత్రకారుని శైలికి ముడిపెట్టి వ్యాసములు వ్రాయుదుము. కాని అచ్చుపుటపై నున్నది చిత్రకారుని చేతి గీత యగునా? అతని పెన్సిలునకును మన కంటికిని నడుమ సిరా ఉన్నది, కెమెరా ఉన్నది, ఆమ్లము తిన్న లోహఫలకము ఉన్నది, నాసి కాగితము ఉన్నది. వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క లేఖకుని వంటిది. ఈ లేఖకుల నెరుగక చిత్రకారుని శైలిని గూర్చి చేయు నిర్ణయములు ఎంతవరకు నిలుచునో విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఆళ్లగడ్డ శిలపై ఎర్రగీత

విచారమును దూరదేశములనుండి గాక దగ్గరనుండియే ఆరంభింతము. నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ దేవతా శిలావిగ్రహములకు పేరుపడిన ఊరు. 2022 లో జిల్లాల పునర్విభజన జరుగువరకు అది కర్నూలు జిల్లాలో ఉండినది. అహోబిల యాత్రకు పోవువారిలో పెక్కురు ఆ ఊరి మీదుగా సాగుదురు. అచటి శిల్పశాలల ముంగిట చదును చేసిన రాతిపలకలు, సగము తేలిన విగ్రహములు, పని ముగిసి నునుపెక్కిన మూర్తులు వరుసగా కనబడును. మేము ఆ శాలలలో కొంతకాలము నిలిచి చూచినది ముగిసిన మూర్తులను కాదు. పని మొదలైన రాళ్లను.

చదును చేసిన రాతిపై ముందుగా మధ్యరేఖ పడును. దాని నాధారముగా గొని తల, మొల, మోకాలు మున్నగువాని స్థానములను తాళమానము ననుసరించి గుర్తింతురు. పిమ్మట ఎర్రని కావితో మూర్తి రూపురేఖ వ్రాయుదురు. ఈ కావిగీతయే శిల్పి పెన్సిలు. ఉలి పనిచేయవలసినది ఆ గీత వెంబడినే. కాని ఉలి తగిలిన మొదటి దెబ్బతోనే ఆ గీత రాలిపోవును. రాయి లోతునకు పోయిన కొలదియు శిల్పి మరల కావిగీత వ్రాయవలెను. మరల దానిని ఉలి తినివేయును. విగ్రహము ముగియు నాటికి కావిగీత ఒక్కటియు మిగులదు. అయినను ఆ విగ్రహమంతయు ఆ మిగులని గీతల ఫలమే.

ఇందు గమనింపదగిన మరియొక అంశము పనివిభజనము. గీత వ్రాయునది పెద్ద శిల్పి. మోటుగా రాయి తీయునది అతని చేతికింది వారు. మరల ముఖమును, వ్రేళ్లను తీర్చునది పెద్ద శిల్పియే. కన్ను తెరచుట, అనగా నయనోన్మీలనము, ప్రధాన శిల్పి హస్తముననే జరుగవలెనన్నది శిల్పశాస్త్ర సంప్రదాయము. ఇట్లు అనేక హస్తములు గల కృతికి ఒక్క పేరే నిలుచును. దీనిని అన్యాయమని శాలలో ఎవరును తలపరు. పని పద్ధతియే అట్టిది. అయినను చరిత్రకారుడు ఏ చేయి ఎచట ఆగినదో, ఏ చేయి ఎచట మొదలైనదో తెలిసికొనదలచినచో, ముగిసిన విగ్రహము అతనికి చాల తక్కువ చెప్పును. సగము తేలిన రాయి ఎక్కువ చెప్పును. ఈ మాటను మనము జ్ఞాపక ముంచుకొందము.

శ్రీకాళహస్తి వస్త్రముపై నల్లగీత

రాయి విడిచి వస్త్రమునకు వచ్చిన, చిత్రకథకు మరింత సన్నిహితమైన ఉదాహరణము శ్రీకాళహస్తి కలంకారి. అచటి రామాయణ, భారత పటములలో కథ అడ్డువరుసలుగా, గడులు గడులుగా సాగును; గడి పైభాగమున తెలుగు లిపిలో కథాభాగము వ్రాయబడి యుండును. లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల మున్నగుచోట్ల భద్రపరుపబడిన 19వ శతాబ్ది పటములలోను ఈ తెలుగు వ్రాత కనబడును. బొమ్మయు, అక్షరమును ఒకే గడిలో కూడి కథ నడుపు పద్ధతి తెలుగువారికి విదేశీ చిత్రకథలతో వచ్చినది కాదని చెప్పుటకు ఇది చాలును.

ఇచట మనకు కావలసినది పనితీరు. ముతక నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరవేయుదురు. కరక్కాయలోని వగరు బట్టకు పట్టును. పాలలోని కొవ్వు సిరాను పాకనీయదు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బట్టపై తొలిగీత వ్రాయుదురు. ఇది కలంకారి చిత్రకారుని పెన్సిలు. తరువాత వెదురుపుల్లకు ఉన్నిగుడ్డ చుట్టి దారముతో బిగించిన కలమును, ఇనుపముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన ‘కసిం’ ద్రవమున ముంచి, ఆ బొగ్గుగీతపై శాశ్వత రేఖ గీయుదురు. ఇనుము కరక్కాయ వగరుతో కలిసి నల్లబడును. బొగ్గు దులిపిన పోవును, ఉతికిన పోవును, నల్లరేఖ నిలుచును.

ఆళ్లగడ్డ కావిగీతకును, శ్రీకాళహస్తి బొగ్గుగీతకును ఒక సామ్యము కలదు. రెండును పోవుటకే పుట్టినవి. అయితే ఒక భేదమును కలదు. ఉలి కావిగీతను దాటి లోతునకు పోవలెను. కలము బొగ్గుగీత మీదనే నడువవచ్చును. అట్లు నడుచుట సులభమని తోచును గాని అది నిజము కాదు. బొగ్గుగీత వెడల్పుగా, మసకగా, ఒకటికి రెండుగా ఉండును. వానిలో ఏది అసలైన అంచో కలము నిర్ణయింపవలెను. ఉన్నిలోని ద్రవమును వ్రేళ్లతో నొక్కిన కొలది రేఖ లావగును, వదలిన సన్నమగును. కావున రెండవ గీత మొదటి గీతకు నకలు కాదు, వ్యాఖ్యానము. చేయితిరిగిన వారు బొగ్గుతో కొద్దిగుర్తులు మాత్రము పెట్టుకొని, మిగిలిన రూపమును కలముతోనే సాధింతురు. 2008 లో పద్మశ్రీ పురస్కార మందుకొన్న జొన్నలగడ్డ గురప్పశెట్టి వంటి పెద్దల మూలమున ఈ పద్ధతి మన కాలమునకు అందినది.

తెలంగాణములోని చేర్యాల నకాషీ పటములలో క్రమము వేరు. అచట రంగులు నింపిన పిదప కడపట నల్లరేఖ వచ్చి రూపములను తేల్చును. నల్లరేఖ ముందు వచ్చుటయా, వెనుక వచ్చుటయా అను భేదము చిన్నది కాదు. ముందు వచ్చిన రేఖ రంగునకు హద్దు. వెనుక వచ్చిన రేఖ రంగునకు తీర్పు.

కెమెరా చూచు గీత, చూడని గీత

ఇంక అచ్చునకు వత్తము. ఐరోపాలో దారుఫలకములపై బొమ్మలు చెక్కిన కాలమున, చిత్రకారుడు కొయ్యపై గీసిన గీతను చెక్కుడుపనివాడు తన పనిముట్టుతో తేల్చెడివాడు. జపాను దారుముద్రణములో చిత్రకారుని సిరాచిత్రమును ఫలకముపై బోర్లించి అతికించి, ఆ కాగితము మీదుగనే చెక్కెడివారు. ఫలకము సిద్ధమగుసరికి మూలచిత్రము నశించును. ఆళ్లగడ్డ కావిగీతయు ఇదే కోవకు చెందినది. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఛాయాగ్రహణము, ఆమ్లము కలిసి జింకు లైన్‌బ్లాకును సృష్టించిన పిదప, చెక్కుడుపనివాని చేయి తొలగిపోయినదనియు, చిత్రకారుని గీత యథాతథముగా అచ్చునకు వచ్చుచున్నదనియు జనులు నమ్మిరి. ఆ నమ్మకము సగము మాత్రమే సరియైనది.

లైన్‌బ్లాకు తయారగు విధము సంగ్రహముగా ఇది. చిత్రమును పెద్ద కెమెరా ముందు నిలిపి, కావలసిన కొలతకు తగ్గించి, నలుపు తెలుపులు మాత్రమే పట్టు నెగటివు తీయుదురు. వెలుగు తగిలిన గట్టిపడు పూత పూసిన జింకు రేకుపై ఆ నెగటివు నుంచి వెలుతురు చూపుదురు. గీత పడినచోట పూత గట్టిపడి రేకును కాపాడును. మిగిలినచోట నైట్రిక్ ఆమ్లము లోహమును తినును. ఆమ్లము గీత అడుగునకు ప్రక్కలనుండి చొరబడకుండ నడుమ నడుమ రాళ్లపొడి వంటి బంకపొడి చల్లి, కాచి, అంచులను కాపాడవలెను. పని తెలియనివాని చేతిలో సన్నగీతలు తెగిపోవును. దగ్గరగా నున్న గీతలు పూడుకొని మచ్చలగును. ఆ రేకును కొయ్యదిమ్మపై బిగించి, అక్షరముల ఎత్తునకు సరిచేసి, వానితోపాటు అచ్చునకు ఎక్కింతురు.

ఈ క్రమమున పెన్సిలు గీతకు చోటు లేదు. పెన్సిలు గీత బూడిదరంగు; కాగితపు గరుకుపై అది చుక్కలు చుక్కలుగా నిలుచును. నలుపు తెలుపులు తప్ప వేరెరుగని నెగటివు ఆ బూడిదను కొన్నిచోట్ల తెలుపుగా వదలును. కొన్నిచోట్ల నలుపుగా పట్టును. ఛాయలను పట్టుటకు హాఫ్‌టోన్ పద్ధతి కలదు. ఆ విద్యలో కలకత్తాకు చెందిన ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 20వ శతాబ్దారంభమునకే అంతర్జాతీయ ఖ్యాతి గడించెను. 1913 లో ఆయన స్థాపించిన ‘సందేశ్’ బాలల పత్రిక ఆ విద్యకు నిదర్శనము. కాని హాఫ్‌టోను చిత్రమంతటిని చుక్కలుగా విడగొట్టును. సన్నని తెరకు నునుపైన కాగితము కావలెను. వార్తాపత్రిక కాగితముపై అంగుళమునకు 65 గీతల ముతక తెరయే నిలుచును. ఆ తెరలో పెన్సిలు గీత మసకబారును. కాగితపు తెలుపు మీదను బూడిదముసుగు కప్పుకొనును. కావున చౌక కాగితముపై వేలకొలది ప్రతులు అచ్చొత్తవలసిన చిత్రకథకు సిరా తప్పనిసరి యైనది. సిరా పూయుట మొదట సౌందర్యదృష్టితో పుట్టిన ఆచారము కాదు. ముద్రణశాల విధించిన నిబంధన. ఆ నిబంధననుండియే ఒక కళ వికసించినది.

ఇందే ఒక విచిత్రమును చెప్పవలెను. బ్లాకు కెమెరాలలో వాడిన ఫిల్ములు నీలమును తెలుపుగా చూచును. ఎరుపును నలుపుగా చూచును. కావున లేతనీలి పెన్సిలుతో గీసిన తొలిగీతను చెరుపక్కరలేదు. కెమెరా దానిని విడిచివేయును. అదే ఆళ్లగడ్డ శిల్పి వాడు ఎర్రని కావితో గీసినచో సిరాతోపాటు అదియు నల్లగా అచ్చుపడును. రాతిపై శిల్పి కంటికి ఏ రంగు చక్కగా ఆనునో, ఆ రంగే కెమెరా కంటికిని ఆనును. తొలిగీత ఎవరి కంటినుండి తప్పించుకొనవలెనన్న దానిని బట్టి దాని రంగు నిర్ణయమగును.

చందమామ పుటలు

తెలుగున ఈ విద్యకు పెద్ద పాఠశాల ‘చందమామ’. కడప జిల్లా పొట్టిపాడున జన్మించిన బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో మద్రాసునుండి తెలుగు, తమిళ భాషలలో దీనిని ఆరంభించిరి. పిదప కన్నడము, హిందీ మున్నగు భాషలకు అది విస్తరించినది. 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావు దానికి సంపాదకత్వ భారము వహించిరి. 2013 నాటికి ప్రచురణ నిలిచిపోయినది. యం.టి.వి. ఆచార్య, ‘చిత్ర’ యను పేరుగల టి.వి. రాఘవన్, ‘శంకర్’ అను కె.సి. శివశంకరన్, వడ్డాది పాపయ్య మొదలగువారు దానికి చిత్రకారులు.

ఈ పత్రికకు గల విశేషము భాషలు పలువైనను బొమ్మ ఒక్కటే యగుట. బొమ్మలో అక్షరములున్నచో భాష భాషకు దానిని మార్చవలసి వచ్చును. అందుచేత కథ బొమ్మ వెలుపల నిలిచినది. బొమ్మ మాటలేకయే కథను చెప్పవలసినదైనది. 1967 లో అనంత్ పై సంపాదకత్వమున ఆరంభమైన ‘అమర చిత్ర కథ’ వంటి మాలికలు మాటల బుడగలను బొమ్మలోనికే తెచ్చినవి. చందమామ ఆ దారి త్రొక్కకుండుట వలన చిత్రకారునికి లాభమే కలిగినది. గడి అంతయు అతనిదే. విక్రమార్కుడు శవమును భుజమున మోసికొని కత్తి చేతబట్టి శ్మశానమున నడచు శంకర్ చిత్రమును చూచినవారికి ఏ భాషయైనను ఒక్కటే.

శివశంకరన్ (1924–2020) మద్రాసు కళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రధానాచార్యుడుగా నున్న కాలమున శిక్షణ పొందినవాడు. అతని చిత్రములలో చెట్టు బెరడు, కోటగోడ రాళ్లు, వస్త్రపు మడతలు, అన్నియు సన్నని గీతల కూర్పుతో తేలును. వడ్డాది పాపయ్య (1921–1992) ముఖచిత్రముల మార్గము వేరు. అది నీటిరంగుల ఛాయలపై ఆధారపడినది. రేఖ అందు లీనమైపోవును. మొదటిది లైన్‌బ్లాకునకు అనువైనది, రెండవది హాఫ్‌టోనునకు. ఇద్దరి శైలీభేదమును చెప్పునపుడు ఈ ముద్రణభేదమును విస్మరింపరాదు. ‘వ.పా.’ రంగులను గూర్చి మనము చెప్పు మాటలలో కొంతభాగము రంగుల వేర్పాటు చేసి అచ్చొత్తిన పనివారికిని చెందును. ఇక బాపు (1933–2014) గీత మూడవ మార్గము. ఒక్క కుంచె విదలింపుతో మెడ, భుజము, జడ పూర్తియగును. అట్టి గీతకు పొదుపే బలము. పొదుపు గల గీత చౌకకాగితముపైనను చెడదు. తెలుగు వారపత్రికల నాసి కాగితము నధిగమించి బాపు గీత నిలుచుటకు ఆయన ప్రతిభతోపాటు ఈ సాంకేతిక కారణమును కలదని మా అభిప్రాయము.

రెండు చేతుల పద్ధతి

అమెరికాలో ఈ పని వేరొక విధముగా సాగినది. 1930ల నడుమ న్యూయార్కున చిత్రకథల పుస్తకములకు గిరాకి పెరిగినపుడు, 1936 లో ఏర్పడిన ఐస్నర్–ఐగర్ వంటి చిత్రశాలలు పనిని ముక్కలు చేసినవి. ఒకరు పెన్సిలు గీయుదురు. వేరొకరు సిరా పూయుదురు. ఇంకొకరు అక్షరములు వ్రాయుదురు. మరొకరు రంగు సూచింతురు. సిరా పూయువానికి ‘ఇంకర్’ అను పేరు స్థిరపడినది. గడువు లోపల నెలకు ఎక్కువ పుటలు తెమల్చుట దీని ప్రయోజనము. చాలకాలము ఇంకరు పేరు అచ్చున కానరాకుండెను. 1960ల తొలి యేండ్లలో మార్వెల్ సంస్థ పుస్తకములలో రచయిత, పెన్సిలు చిత్రకారుల సరసన ఇంకరు పేరును క్రమముగా అచ్చువేయుట ఆచారమైనది.

ఇంకరు చేయునదేమి? పెన్సిలు గీతకు బరువు నిర్ణయించును. దగ్గరి వస్తువునకు లావుగీత, దూరపుదానికి సన్నగీత. వెలుతురు వైపు తెగిన గీత, నీడ వైపు నిండు నలుపు. పాళీతో గీసిన గీత చివర సూదిమొన యగును. కుంచెతో గీసినది ఉబ్బి తగ్గును. ఆరిన కుంచె రాచిన గరుకు పుట్టును. పెన్సిలు చిత్రకారుడు ‘ఇచట నీడ’ అని గుర్తు మాత్రము పెట్టి విడిచినచో, ఆ నీడ గీతల అల్లికయా, నిండు నలుపా అన్నది ఇంకరు తీర్పు. జాక్ కర్బీ గీసిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ పుటలకు 44వ సంచిక (1965) మొదలు జో సినాట్ వరుసగా సిరా పూసినపుడు, అంతకుముందరి సంచికల కర్బీకిని, ఈ సంచికల కర్బీకిని గల భేదము సామాన్య పాఠకునికిని తెలిసినది. గీసిన చేయి మారలేదు. దానిపై నడచిన చేయి మారినది.

మన పరిభాషలో చెప్పవలెనన్న, ఇంకరు వ్రాయసకాడు. కొందరు వ్రాయసకాండ్రు మాతృకను అక్షరము పొల్లుపోక వ్రాయుదురు. కొందరు తమకు తెలిసిన ఛందస్సు ననుసరించి సవరింతురు. కొందరు అలసి ఒక పాదమును విడిచిపెట్టుదురు. గడువు తరుముకొని వచ్చినపుడు పెన్సిలులోని దూరపు మనుష్యులను, కిటికీలను చెరిపివైచిన ఇంకరులును ఉండిరని ఆ దేశపు చిత్రకథా చరిత్రకారులు చూపిరి. ఇది గ్రంథపాతమే. వారు దీనిని చూపగలుగుటకు కారణము మాతృక లభించుట. 1970లలో కర్బీ తన పెన్సిలు పుటలను పంపుటకు ముందు ఫోటోకాపీలు తీసి యుంచుకొనెను. వానిని అచ్చుపుటల ప్రక్క నుంచినపుడు ప్రతి యొక్క మార్పును కంటికి కనబడినది.

ముద్రణ మారినకొలది పెన్సిలును సూటిగా అచ్చొత్తు ప్రయత్నములును జరిగినవి. జీన్ కోలన్ ఛాయాప్రధానమైన పెన్సిలు పనికి ప్రసిద్ధుడు. అతని ఛాయలు సిరాలో నిలుచుట దుష్కరము. 1984 నాటి ‘నేథనియల్ డస్క్’ అను కథామాలికను సిరా లేకయే అతని పెన్సిలునుండి ముద్రించిరి. నేడు స్కానరు పెన్సిలు గీత ఛాయలన్నింటిని పట్టగలదు. తొలిగీతను కంప్యూటరుపై గీసి, దానిపై మరియొక పొరలో సిరాగీత గీసి, తొలిపొరను ఒక్క తాకుడుతో మాయము చేయవచ్చును. ముద్రణశాల విధించిన నిబంధన తొలగినది. అయినను సిరాగీత తొలగలేదు. నకలు కొరకు మాత్రమే పుట్టినదైనచో అది అప్పుడే నశించి యుండవలెను. వ్యాఖ్యానమైనందున నిలిచినది.

మన ఇంకరు ఎవడు?

ఇపుడు మన ప్రశ్నకు వత్తము. తెలుగు పత్రికలలో పెన్సిలు గీసినవాడును, సిరా పూసినవాడును సాధారణముగా ఒక్కడే. కావున అమెరికావారి చిక్కు మనకు లేదని తోచును. మేమును చాలకాలము అట్లే తలచితిమి.

ఒక పాత పత్రికలోని చిత్రములపై పరిశోధించుచున్న విద్యార్థి, ఒక చిత్రకారుని గీత కొన్నియేండ్లకు లావెక్కి మొరటుబారినదని గుర్తించి, దానిని ఆయన వయస్సునకును, చేతి వణకునకును ముడిపెట్టి అధ్యాయము వ్రాసెను. మేము దానిని అంగీకరించితిమి. పిదప అదే సంచికకు చెందిన మరియొక ప్రతి మా చేతికి వచ్చినది. అందు అదే బొమ్మ, అదే గీత సన్నగా, స్వచ్ఛముగా ఉన్నది. మొదటి ప్రతి అచ్చు చివరిలోనిది. అరిగిన బ్లాకు, ఎక్కువైన సిరా కలిసి గీతను లావు చేసినవి. చిత్రకారుని చేయి వణకలేదు. మా విచారణ వణకినది. ఆ అధ్యాయమును విద్యార్థి తిరిగి వ్రాయవలసి వచ్చినది. ఒక కళాకారుని కీర్తికి మా మూలమున కలుగబోయిన హాని అచ్చునకు పోకముందే తెలియుట మా అదృష్టము.

ఆ అనుభవము తరువాత మాకు తోచిన సిద్ధాంతమిది: తెలుగు చిత్రమునకు ఇంకరు లేకపోలేదు, అతడు బ్లాకు పనివాడు. గీత ఎంత సన్నమైతే నిలుచునో, ఏ రెండు గీతలు పూడుకొనునో, ఎంత తగ్గించిన బొమ్మ చెడునో నిర్ణయించినవాడు అతడే. చిత్రకారులు బొమ్మను అచ్చుకొలతకంటె పెద్దదిగా గీయుట ఆనవాయితీ. తగ్గింపులో చేతితప్పులు అణగును, గీత బిగియును. కాని తగ్గింపు మోతాదు మించినచో అల్లికగీతలు కలిసిపోయి నల్లమచ్చ యగును. అచ్చుపుటలో మనము ‘నిండు నలుపు’ అని మెచ్చుకొన్నది చిత్రకారుడు గీసిన సన్నని అల్లిక కావచ్చును. తాళపత్రము చివర వ్రాయసకాడు తన పేరు, ఊరు, వ్రాసిన తిథి చెప్పి, తప్పులు మన్నింపుడని వేడుకొనెడివాడు. బ్లాకు పనివానికి అట్టి గద్య వ్రాసికొను చోటు లేదు. చిత్రముపై చిత్రకారుని సంతకము మాత్రమే ఉండును. సంతకము చిత్రకర్తను చెప్పును గాని ప్రతి గీతకును పూచీపడదు.

పరిశోధకులకు కొన్ని సూచనలు

కడపలో నుండి సి.పి. బ్రౌన్ పండితులచేత ప్రతులు సేకరింపించి, సరిపోల్చి వేమన మున్నగు కవుల పాఠములను సిద్ధము చేయించినపుడు అనుసరించిన సూత్రము సులభమైనది: ఒక్క ప్రతిని నమ్మరాదు. చిత్రపరిశోధనకును అదే మొదటి సూత్రము. ఒకే సంచికకు కనీసము రెండు మూడు ప్రతులు చూడవలెను. పలు భాషలలో ఒకే బొమ్మ వచ్చిన చందమామ వంటి పత్రిక విషయమున తమిళ, కన్నడ, హిందీ సంచికలన్నియు ప్రత్యంతరములే. తెలుగు విభాగమువారు సాధారణముగా తెలుగు సంచికలనే చూతురు. బొమ్మ విషయమున ఈ హద్దు చెల్లదు.

రెండవది, శైలి మారినదని తోచినచోట ముద్రణ మారినదేమో ముందు విచారింపవలెను. లెటర్‌ప్రెస్ నుండి ఆఫ్‌సెట్‌కు మారిన యేడు, కాగితము మారిన యేడు, పత్రిక కొలత మారిన యేడు తెలిసికొనక చిత్రకారుని పరిణామమును వ్రాయరాదు. లోహముతో కాగితమును నొక్కిన గీత అంచున సిరా గట్టుకట్టును. ఆఫ్‌సెట్ గీతకు ఆ గట్టు ఉండదు. భూతద్దము చాలును.

మూడవది, మూలచిత్రము దొరికినపుడు దాని ముఖమును మాత్రమే చూచి తృప్తిపడరాదు. సిరా క్రింద మిగిలిన పెన్సిలు, తెల్లరంగుతో దిద్దిన తప్పులు, అంచున వ్రాసిన తగ్గింపు కొలతలు, వెనుకవైపు ముద్రలు, ఇవన్నియు సాక్ష్యములే. పెన్సిలును చెరిపినను కాగితముపై నొక్కుడు పోదు. చిత్రమును ఏటవాలు వెలుతురులో ఉంచి చూచినచో, సిరాగీత ప్రక్కన రంగులేని చాలు ఒకటి కనబడును. మసి పూయని తాళపత్రముపై గంటపు చాలు కనబడునట్లే అది కనబడును. చిత్రకారుడు మొదట తలచినది ఎచట, పిదప నిర్ణయించినది ఎచట అన్నది ఆ రెంటి నడిమి దూరము చెప్పును.

నాల్గవది అన్నింటికంటె త్వరపడవలసినది. బొమ్మ అచ్చయిన పిదప మూలచిత్రము పనికిమాలిన కాగితముగా పరిగణింపబడుట, పని తీరిన జింకు బ్లాకు లోహపు ధరకు అమ్ముడుపోవుట మామూలుగా జరిగినవి. తాళపత్రములను సేకరించి కాపాడవలెనను స్పృహ మనకు రెండు శతాబ్దముల క్రిందటనే కలిగినది. బొమ్మల మాతృకల విషయమున ఆ స్పృహ నేటికిని బలపడలేదు. మిగిలిన చిత్రములు కొన్ని చిత్రకారుల ఇండ్లలోను, కొన్ని సేకర్తల కడను ఉన్నవి. వానిని కొనజాలకున్నను, ఏటవాలు వెలుతురులో ఛాయాచిత్రములు తీసి, కొలతలు వ్రాసి, అచ్చుప్రతులతో పోల్చి పట్టికలు చేయుట విశ్వవిద్యాలయములకు శక్యమైన పనియే. బ్లాకు పని చేసిన పెద్దలలో జీవించి యున్నవారి జ్ఞాపకములను వ్రాసికొనుట మరింత అవసరము. ఆ విద్యను వారికి తరువాత చేయువారు లేరు.

బాలల పత్రికలోని బొమ్మలకు ఇంత సూక్ష్మవిచారము తగునా యని సందేహించువారు ఉండవచ్చును. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున చదువు నేర్చిన తెలుగువారిలో పెక్కురకు రావణుడన్న, భీముడన్న, భేతాళుడన్న మనస్సున మెదలు రూపము ఈ బొమ్మలనుండి వచ్చినదే. ఒక జాతి పురాణకల్పనకు రూపమిచ్చిన గీతలు ఎవరివో, అవి మన కడకు ఎట్లు చేరినవో తెలిసికొనుట సాహిత్యచరిత్రకు వెలియైన పని కాదు.

ఆళ్లగడ్డ శాలలో ముగిసిన విగ్రహముకంటె సగము తేలిన రాయి మాకు ఎక్కువ చెప్పినదని పైన వ్రాసితిమి. మన చిత్రకథల విషయమున ముగిసిన విగ్రహములే, అనగా అచ్చుపుటలే, మన చేత నిండుగా ఉన్నవి. సగము తేలిన రాళ్లను వెదకుట ఇక పరిశోధక విద్యార్థుల వంతు. ఆలసించినచో కావిగీతవలె అవియు రాలిపోవును.